తేదీ దాటిన పేర్లు: హెచ్‌ఐవీ చికిత్సలో కేస్ మేనేజ్‌మెంట్ చేసే పని

ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, ఇచ్చే కేంద్రంలో ఓపీ ఖాళీ అయ్యాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. ఆ రోజు మందులకు రావలసిన వారి జాబితాను, వచ్చి తీసుకెళ్లిన వారి జాబితాను పక్కపక్కన పెట్టి చూసుకుంటే కొన్ని పేర్లు మిగులుతాయి. రిజిస్టరుకు అవన్నీ ఒకే కోవ: తేదీ దాటింది, మనిషి రాలేదు. కానీ ఆ పేర్లలో ఒకరు మిరప కోతలకు వేరే జిల్లాకు వెళ్లి ఉండవచ్చు. ఇంకొకరి ఇంట్లో కూతురి పెళ్లి సంబంధం నడుస్తూ ఉండవచ్చు. మరొకరు ఆస్పత్రి వరండాలో తమ ఊరివాళ్లను చూసి గేటు దగ్గరి నుంచే వెనుదిరిగి ఉండవచ్చు. ఒకరు చనిపోయి కూడా ఉండవచ్చు. రిజిస్టరులో ఒక్కటిగా కనిపించే ఆ పేర్లను విడివిడి మనుషులుగా చూసి, ఒక్కొక్కరిని ఆపిన కారణం దాకా వెళ్లి, దానికి తగిన పని జరిగేలా చూడటాన్నే కేస్ మేనేజ్‌మెంట్ అంటున్నారు.

ఈ మాటకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. కేంద్రాల్లో పనిచేసేవారు ఫాలో అప్ అంటారు, ట్రేసింగ్ అంటారు, మామూలుగా మాట్లాడుకునేటప్పుడు ‘ఆయన సంగతి కాస్త చూడండి’ అంటారు. అసలు అర్థానికి దగ్గరగా ఉన్నది ఆ చివరి మాటే. ఒక మనిషి సంగతి చూసే బాధ్యత ఫలానా వారిదని తెలిసి ఉండటమే ఇందులో కీలకం.

మందు వైపు నుంచి చూస్తే ఈ ఇరవై ఏళ్లలో వ్యవహారం చాలా సులువైంది. దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న ఎనిమిది ప్రభుత్వ ఆస్పత్రులలో మొదలైంది. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలను, ఢిల్లీని తొలి విడతకు ఎంచుకోగా, వాటిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోగనిరోధక శక్తికి ఆధారమైన సీడీ4 కణాలు బాగా పడిపోయి, 200కు చేరితే గానీ ఆ రోజుల్లో సాధారణంగా మందులు మొదలుపెట్టేవారు కాదు. ఆ హద్దు క్రమంగా 350కి, తర్వాత 500కి పెరిగి 2017లో పూర్తిగా తొలగిపోయింది. పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, సీడీ4 ఎంత ఉన్నా, చికిత్స మొదలుపెట్టాలన్నది అప్పటి నుంచి విధానం. స్టావుడిన్ వాడిన రోజుల్లో చెంపలు పీక్కుపోయి, కాళ్లూ చేతులూ సన్నబడి, మందు వేసుకుంటున్న సంగతి ముఖమే చెప్పేసేది. ఆ తర్వాత వచ్చిన ఎఫావిరెంజ్‌తో తల తిరగడం, పీడకలలు ఉండేవి. ఇప్పుడు చాలామందికి ఇస్తున్నది టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే మాత్ర. టీఎల్‌డీ అని పిలిచే ఆ మాత్రను రోజుకోసారి వేసుకుంటే చాలు.

అయితే ఈ సౌలభ్యంలోనే ఒక చిక్కు పుట్టింది. మంచం పట్టి వచ్చినవారికి మందు ఎందుకు వేసుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు, నెలకు నాలుగు కిలోలు పెరిగిన ఒళ్లే చెబుతుంది. ఏ బాధా లేకుండా, గర్భిణీ పరీక్షల్లోనో ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలోనో పాజిటివ్ అని తెలిసినవారికి ఆ మాత్ర వల్ల కనిపించే మేలు ఏమీ ఉండదు, కనిపించే ఇబ్బంది మాత్రం ఉంటుంది: నెలనెలా ప్రయాణం, పోయిన కూలి, దాచుకోవలసిన డబ్బా. మందు ఎంత మెరుగైనా చికిత్సలో నిలబెట్టే పని తగ్గకపోవడానికి, ఒక విధంగా పెరగడానికి, ఇదే కారణం.

మధ్యలో ఆపితే ఏమవుతుందన్న విషయంలో సందేహానికి తావు లేదు. పరీక్షలో వైరస్ కనబడలేదంటే శరీరంలోంచి పోయిందని అర్థం కాదు. లింఫ్ గ్రంథుల్లో, నిద్రాణంగా ఉన్న సీడీ4 కణాల్లో అది దాగే ఉంటుంది. మాత్రలు ఆపిన రెండు నుంచి నాలుగు వారాల్లోనే చాలామందిలో మళ్లీ రక్తంలోకి వస్తుంది. సీడీ4 బాగున్నప్పుడు మందులు ఆపి, పడిపోయినప్పుడు మళ్లీ మొదలుపెడితే ఎలా ఉంటుందో తేల్చడానికి 5,472 మందితో ‘స్మార్ట్’ అనే అంతర్జాతీయ పరిశోధన జరిగింది. ఆపినవారిలో మరణాలు, తీవ్ర వ్యాధులు ఎక్కువ కావడంతో 2006లో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే నిలిపేశారు. వారిలో గుండె, మూత్రపిండాలు, కాలేయ సమస్యలు కూడా పెరిగాయి. జీవిత భాగస్వామికి సోకే ప్రమాదం సంగతి వేరే ఉంది. చెన్నై, పుణెలు కూడా కేంద్రాలుగా ఉన్న హెచ్‌పీటీఎన్ 052 పరిశోధనలో, ముందుగానే చికిత్స మొదలుపెట్టిన వారి నుంచి భాగస్వామికి వైరస్ సోకడం 96 శాతం తగ్గినట్లు 2011లో తేలింది. మాత్రలు ఆగిన రోజు నుంచి ఆ రక్షణ కరిగిపోవడం మొదలవుతుంది.

ఒక మనిషి మందులు సరిగ్గా వేసుకుంటున్నారా లేదా అన్నది కౌన్సెలర్ బల్ల మీద లెక్క తేలుతుంది. ముప్పై మాత్రల డబ్బా ఇచ్చి సరిగ్గా ముప్పయ్యో రోజున రమ్మన్నారు. వచ్చినప్పుడు డబ్బా బోర్లిస్తే మూడు మాత్రలు మిగిలాయి. ముప్పైకి ఇరవై ఏడు, అంటే 90 శాతం. కనీసం 95 శాతం ఉండాలన్నది కార్యక్రమం పెట్టుకున్న ప్రమాణం. నెలకు ఒక్క మాత్ర తప్పితే పరవాలేదు, రెండు తప్పితే హద్దు కిందకు పోయినట్టే. ఈ సంగతి రోగులకూ త్వరలోనే తెలిసిపోతుంది. కౌన్సెలర్ చేత మాట పడటం ఇష్టం లేనివారు మిగిలిన మాత్రలను దారిలో పారేసి, ఖాళీ డబ్బాతో నూటికి నూరు తెచ్చుకుంటారు. అందుకే అనుభవం ఉన్న కౌన్సెలర్ మాత్రల లెక్కతో ఆగకుండా డబ్బాను కూడా చూస్తారు. పైన అంటించిన కాగితం గోకేసి ఉంటే ఇంట్లో ఎవరికో తెలియకూడదని. లోపల దూది కుక్కి ఉంటే, సంచిలో గలగల వినబడకుండా ఉండటానికని. మాత్రలు బీకాంప్లెక్స్ సీసాలోకి మారి, తేమ పీల్చే చిన్న పొట్లం కనిపించకపోతే, మందు పాడయ్యే అవకాశం ఉందని. ఈ మూడింటిలో ఏది కనిపించినా, ‘రోజూ వేసుకోవాలమ్మా’ అని ఇంకోసారి చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. ఇంట్లో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు, రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు ఒంటరిగా దొరుకుతాయా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. కేస్ మేనేజ్‌మెంట్ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఈ పద్ధతి పుట్టింది అమెరికాలో, మందులు ఇంకా లేని రోజుల్లో. శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆస్పత్రిలో 1983లో ఎయిడ్స్ రోగుల కోసం ప్రత్యేక వార్డు తెరిచినప్పుడు, వైద్యులు చేయగలిగింది తక్కువ కావడంతో మిగతాదంతా ముఖ్యమైంది: అద్దె ఇల్లు ఖాళీ చేయించకుండా చూడటం, భోజనం, ఇంటి దగ్గర సాయం, భృతి కాగితాలు. ఆస్పత్రికీ ఇంటికీ స్వచ్ఛంద సంస్థలకూ మధ్య తిరుగుతూ వీటిని అతికించే మనిషి అవసరమయ్యారు. 1990లో వచ్చిన రయన్ వైట్ చట్టం ఆ పనికి ప్రభుత్వ నిధుల దారి వేసింది. ఇండియానా రాష్ట్రంలో, హీమోఫీలియా చికిత్స ద్వారా హెచ్‌ఐవీ సోకి, బడి నుంచి వెలివేతకు గురై, ఆ ఏడాదే చనిపోయిన కుర్రవాడి పేరు ఆ చట్టానికి పెట్టారు.

ఈ పద్ధతి నిజంగా పనిచేస్తుందా అన్నదానికి తరచూ చూపే ఆధారం ‘ఆర్టాస్’ అనే పరిశోధన. అట్లాంటా, బాల్టిమోర్, లాస్ ఏంజెలిస్, మయామీ నగరాల్లో కొత్తగా పాజిటివ్ అని తెలిసిన వారిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి ఆస్పత్రి చిరునామా, కొంత సమాచారం ఇచ్చి పంపారు. రెండో వర్గంలో ప్రతి ఒక్కరితో ఒక కేస్ మేనేజర్ 90 రోజుల్లో ఐదు సార్ల వరకు కలిశారు. ఆరు నెలల్లో ఒక్కసారైనా వైద్యుణ్ని కలిసినవారు మొదటి వర్గంలో 60 శాతం, రెండో వర్గంలో 78 శాతం. ఏడాదిలో కనీసం రెండుసార్లు వెళ్లినవారు 49 శాతం, 64 శాతం. 2005లో ప్రచురితమైన ఈ ఫలితాల్లో రెండు విషయాలు గమనించదగ్గవి. తేడా తేవడానికి కావలసింది ఐదు సంభాషణలే కాబట్టి, ఇది ఖరీదైన పని కాదు. అయితే కేస్ మేనేజర్ ఉన్నా కూడా మూడో వంతు మంది నిలబడలేదు కాబట్టి, ఇది మంత్రదండమూ కాదు. ఆ ఐదు సంభాషణల తీరు కూడా పట్టించుకోవలసినదే. మీరు చేస్తున్న తప్పేమిటని కాకుండా, ఇంతకుముందు పెద్ద కష్టం వచ్చినప్పుడు ఎలా గట్టెక్కారు, అప్పుడు మీకు అండగా నిలిచింది ఎవరు అని మొదలుపెట్టడం ఆ పద్ధతి ప్రత్యేకత. అప్పటికే మనిషిలో ఉన్న బలం మీద కట్టడమే దాని సూత్రం.

మన దేశంలో కేస్ మేనేజర్ అనే ఒక్క ఉద్యోగం లేదు, ఆ పని ముక్కలై పలువురి చేతుల్లో ఉంది. ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్ ఉంటారు, తరచూ స్వయంగా హెచ్‌ఐవీతో జీవిస్తున్న కేర్ కోఆర్డినేటర్ ఉంటారు. లైంగిక కార్మికులు, ట్రాన్స్‌జెండర్లు, పురుషులతో సంబంధాలున్న పురుషులు, సూదులతో మత్తుమందు తీసుకునేవారి కోసం పనిచేసే సంస్థల్లో ఆ సమూహాలకే చెందిన పీర్ ఎడ్యుకేటర్లు ఉంటారు. పల్లెల్లో లింక్ వర్కర్లు తిరుగుతారు. ఇన్‌పేషెంట్ పడకలతో నడిచిన కమ్యూనిటీ కేర్ సెంటర్లు తగ్గిపోయాక, 2013 నుంచి గ్లోబల్ ఫండ్ నిధులతో ఇండియా హెచ్‌ఐవీ/ఎయిడ్స్ అలయన్స్ ‘విహాన్’ పేరిట కేర్ అండ్ సపోర్ట్ సెంటర్లను నడిపింది. తేదీ దాటిన వారి జాబితాను ఏఆర్‌టీ కేంద్రం ఈ సెంటర్లకు పంపితే, ఔట్‌రీచ్ వర్కర్లు ఊళ్లకు వెళ్లి వెతికే ఏర్పాటు అలా స్థిరపడింది. దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు దాదాపు 25 లక్షల మంది. మహారాష్ట్ర తర్వాత ఎక్కువ మంది ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే, మూడు లక్షలకు పైగా. ఇంతమంది విషయంలో పని పంచుకోక తప్పదు. కానీ పంచుకున్న చోటల్లా అతుకు ఉంటుంది, మనుషులు జారిపోయేదీ ఆ అతుకుల దగ్గరే. హెచ్‌ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీలో పాజిటివ్ అని చెప్పి ఏఆర్‌టీ కేంద్రానికి చీటీ రాసిచ్చిన రోజుకీ, ఆ చీటీ అక్కడ చేరిన రోజుకీ మధ్య ఆ మనిషి ఎవరి బాధ్యత? ట్రాన్స్‌ఫర్ కాగితంతో హైదరాబాద్ బయలుదేరిన తాపీమేస్త్రీ అక్కడ పేరు నమోదు చేయించుకునే దాకా ఎవరి జాబితాలో ఉన్నట్టు? పాత కేంద్రం పంపేశామంటుంది, కొత్త కేంద్రం రాలేదంటుంది. కేస్ మేనేజ్‌మెంట్ సవ్యంగా జరిగే చోట, అటువైపు చేరినట్టు ఫోన్ వచ్చేదాకా ఇటువైపు పేరు కొట్టేయరు.

జాతీయ మార్గదర్శకాల ప్రకారం తేదీ దాటి మూడు నెలలు పైబడినా రానివారిని లాస్ట్ టు ఫాలో అప్, అంటే జాడ తప్పినవారి, కింద లెక్కిస్తారు. అంతకుముందున్న ఆ తొంభై రోజులే అసలైన వ్యవధి. మొదటి వారంలో చేసిన ఫోనుకు ‘రేపు వస్తాను’ అన్న జవాబు వస్తుంది, రెండో నెలకు ఆ నంబరు పనిచేయదు, మూడో నెలకు ఇంటికి తాళం ఉంటుంది. ప్రతి కౌన్సెలర్‌కూ తెలిసిన ఈ వరుసను బట్టి చూస్తే, వెతుకులాట నాణ్యత మనిషి రావడం మానేసిన రోజు మీద కంటే చేరిన రోజు మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఆ రోజు రెండు ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకోవాలి. మీకు ఫోన్ చేస్తే మామూలుగా ఎవరు ఎత్తుతారు? ఎత్తినవారికి మేము ఎవరమని చెప్పాలి? ఒకామె ‘డ్వాక్రా సంఘం నుంచి అని చెప్పండి’ అంటుంది, ఒకాయన ‘మా అన్న తీస్తే పెట్టేయండి, నేను చేస్తాను’ అంటాడు. మా ఇంటికి ఎప్పటికీ రావద్దని, బస్టాండ్ దగ్గరికి పిలవమని చెప్పేవారూ ఉంటారు. ఆ షరతులను మన్నించడం మర్యాద మాత్రమే కాదు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మనిషి సమ్మతి లేకుండా వారి హెచ్‌ఐవీ స్థితిని బయటపెట్టకూడదని అది స్పష్టంగా చెబుతోంది.

ఊళ్లోకి వెళ్లే ఔట్‌రీచ్ వర్కర్ పని ఈ షరతుల మధ్య సాగుతుంది. మెడలో ఐడీ కార్డు లోపలికి దోపుకుంటారు, సంస్థ పేరున్న సంచి తీసుకెళ్లరు, నేరుగా ఆ గుమ్మం ముందే బండి ఆపరు. ఆ ఊరి ఆశా కార్యకర్తను దారి అడిగితే తేలికే, కానీ ఆమె కూడా ఆ ఊరి మనిషే కాబట్టి చాలాసార్లు అడగరు. ఇంట్లో అత్తగారు ఎదురైతే విషయం మారుతుంది, మంచినీళ్లు తాగి, పెన్షన్ మాటో రేషన్ మాటో మాట్లాడి వెనక్కి వస్తారు. బయటివారికి ఇది వృథా ప్రయాణంగా కనిపిస్తుంది, నివేదికలో కూడా ‘కలవలేదు’ అనే పడుతుంది. కానీ ఆ మర్నాడు ఆ ఇంటి నుంచే ఫోన్ రావడం ఈ పనిలో ఉన్నవారికి కొత్త కాదు. తన గుట్టు కాపాడినవారిని మనిషి నమ్ముతాడు.

కారణం తెలిశాక, దానికి తగిన ఉపాయం ఉంటుంది. మిరప కోతలకు, ఇటుక బట్టీలకు వెళ్లే కుటుంబానికి నెలనెలా రమ్మనే తేదీ అర్థం లేనిది. పరిస్థితి నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చే పద్ధతి కోవిడ్ కాలంలో బాగా విస్తరించింది, వలస కుటుంబాలకు అదే సరిపోతుంది. దూరమే అడ్డయితే దగ్గరలోని లింక్ ఏఆర్‌టీ కేంద్రానికి మార్చవచ్చు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దాని వల్ల ఆడవారికి చార్జీ బరువు తగ్గినా, ఆ రోజు కూలి పోవడం మాత్రం అలాగే ఉంది, కాబట్టి పొద్దున్నే వచ్చినవారిని పొద్దున్నే పంపించే కేంద్రానికి హాజరు మెరుగ్గా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

కొన్ని కారణాలు మందుల చీటీలోనే ఉంటాయి, అడిగితే తప్ప బయటపడవు. గర్భిణికి ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలను పరగడుపున డోలుటెగ్రావిర్‌తో పాటే వేసుకుంటే అది ఒంటికి సరిగ్గా పట్టదు. వాటిని వేసుకోవడానికి రెండు గంటల ముందైనా, వేసుకున్న ఆరు గంటల తర్వాతైనా ఆ మాత్ర తీసుకోవాలి, లేదా అన్నీ అన్నంతో పాటు వేసుకోవాలి. టీబీ కూడా ఉండి రిఫాంపిసిన్ వాడుతున్నవారికి, మామూలు మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు మరో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ కావాలి, టీబీ మందు ఆపాక కూడా రెండు వారాలు దాన్ని కొనసాగించాలి. ఒకే మాత్ర అని చెప్పి ఒప్పించిన మనిషికి ఇప్పుడు రెండో మాత్ర, దానితోపాటు టీబీ మాత్రలు, అన్నీ కలిపి గుప్పెడు. మానేయాలనిపించే నెల ఏదైనా ఉంటే అది ఇదే. ఏ మాత్ర ఏ పూటో ఒక కాగితం మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి ఇచ్చి, రెండో వారంలో ఫోన్ చేసి కనుక్కోవడం ఈ సమయంలో ఉపన్యాసం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

తల్లీబిడ్డల విషయంలో ఈ వెన్నంటి ఉండటం అన్నింటికంటే పకడ్బందీగా జరుగుతుంది. ప్రసవ తేదీ ముందే తెలుసు, పుట్టిన బిడ్డకు వేయవలసిన మందు తెలుసు, ఆరు వారాలకు మొదలై పద్దెనిమిది నెలల దాకా సాగే పరీక్షల వరుస తెలుసు. ముగింపు ఉన్న పని కావడంతో, ఒక తల్లిని, బిడ్డను చివరిదాకా తీసుకెళ్లడం సాధ్యమవుతుంది. అయితే పద్దెనిమిదో నెలలో బిడ్డకు నెగెటివ్ అని తేలిన మరునాటి నుంచే తల్లి మీద పట్టు సడలిపోవడం ఈ ఏర్పాటులోని లోపం. బిడ్డ కోసం వేసుకున్న మందును తన కోసం వేసుకోవడానికి ఆమెకు కొత్త కారణం కావాలి, దాన్ని వెతకడానికి ఆ సమయంలో ఎవరూ ఉండరు.

పుట్టుకతో వైరస్ సోకి, తల్లిదండ్రులను కోల్పోయి, అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లల తరం ఇప్పుడు యుక్తవయసులోకి వచ్చింది. ఇన్నాళ్లూ గడియారం చూడటం రాని అమ్మమ్మ దీపం పెట్టే వేళ గుర్తుపెట్టుకుని మాత్ర చేతిలో పెట్టింది. ఆ పిల్లవాడు ఇంటర్ హాస్టల్‌కు వెళ్లాక ఆ మాత్ర ఎవరు ఇస్తారు? తన జబ్బు పేరే సరిగ్గా తెలియని, టానిక్ అనో నరాల మందు అనో వింటూ పెరిగిన పిల్లలు హాస్టల్‌లో మానేయడానికి తోటివాళ్ల ‘ఏం మాత్రరా అది’ అన్న ఒక్క ప్రశ్న చాలు. విషయం వయసుకు తగ్గట్టు ముందే, అంచెలంచెలుగా చెప్పడం, హాస్టల్‌లో చేరే నెలకు మందుల తేదీని సెలవుల ప్రకారం మార్చడం ఇక్కడి కేస్ మేనేజ్‌మెంట్. దీనికి వైద్య పరిజ్ఞానం పెద్దగా అక్కర్లేదు, ఆ పిల్లవాడి జూన్ నెల ఎలా ఉండబోతోందో ఏప్రిల్‌లోనే ఆలోచించగలగాలి.

గల్ఫ్ నుంచి వచ్చినవారి పరిస్థితి ఇంకో రకం. అక్కడ నివాస అనుమతికి హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి, పాజిటివ్ అని తేలితే తిప్పి పంపేస్తారు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ ప్రాంతాల నుంచి అప్పు చేసి వెళ్లినవారికి జబ్బు సంగతి, ఉద్యోగం పోయిన సంగతి, అప్పు తీరదన్న సంగతి ఒకే రోజు తెలుస్తాయి. అలాంటివారికి మొదటి వారంలోనే మాత్రల గురించి చెబితే వినబడదు. అప్పు గురించి, ఇంట్లో ఏం చెప్పాలన్నదాని గురించి మాట్లాడాకే మాత్రల మాటకు చోటు దొరుకుతుంది.

పెన్షన్ ఈ మొత్తంలో బలమైన కొక్కెం. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ తీసుకుంటున్నవారికి 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు వస్తోంది, తెలంగాణలో ఆసరా కింద 2,016 రూపాయలు. చికిత్సలో కొనసాగడానికి పెన్షన్ ముడిపడటంతో, మందుల కోసం రానివారు కూడా పెన్షన్ కాగితం కోసం వస్తారన్నది నిజం. దీన్ని తక్కువ చేసి మాట్లాడనక్కర్లేదు, పోషకాహారమూ బస్సు చార్జీలూ ఆ డబ్బులోంచే వస్తున్నాయి. అయితే పెన్షన్ కోసం వచ్చి డబ్బా తీసుకెళ్లినంత మాత్రాన మాత్ర లోపలికి వెళ్లినట్టు కాదు. హాజరు ఉండి, మందు లేని ఈ వర్గం తేదీ దాటిన జాబితాలో ఎప్పటికీ కనిపించదు. వారిని పట్టి ఇచ్చేది, రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష ఒక్కటే. చికిత్స మొదలైన ఆరు నెలలకు, పన్నెండు నెలలకు, ఆపై ఏడాదికోసారి చేసే ఆ పరీక్షలో మిల్లీలీటరుకు 1,000 కాపీలు దాటితే మందు మార్చే ముందు కౌన్సెలింగ్‌ను ముమ్మరం చేసి, కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తారు. ఆ నడిమి నెలల్లో నిందించే గొంతు వినిపిస్తే, రెండో పరీక్షకు ముందు పది రోజులు మాత్రమే మాత్రలు వేసుకుని వచ్చేవారు తయారవుతారు.

లెక్కల విషయంలో ఒక మెలిక ఉంది. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ కార్యక్రమం పెట్టిన లక్ష్యాల్లో తమ స్థితి తెలిసినవారు 95 శాతం, తెలిసినవారిలో చికిత్సలో ఉన్నవారు 95 శాతం, చికిత్సలో ఉన్నవారిలో వైరస్ అదుపులో ఉన్నవారు 95 శాతం ఉండాలి. 2023 నాటికి ప్రపంచ సగటు వరుసగా 86, 89, 93. మూడో అంకె చూసి సంబరపడేటప్పుడు, మందులు మానేసినవారు ఆ లెక్కలోనే ఉండరని గుర్తుంచుకోవాలి. మానేసిన మనిషి మూడో వరుస నుంచి తప్పుకుని రెండో వరుసలో లోటుగా మిగులుతాడు. అంటే, తేదీ దాటినవారిని ఎంత తేలిగ్గా వదిలేస్తే మూడో అంకె అంత బాగుంటుంది. వెనక్కి తెచ్చిన కొత్తలో వారి వైరల్ లోడ్ ఎక్కువే ఉంటుంది కాబట్టి, మంచి కేస్ మేనేజ్‌మెంట్ కొన్ని నెలల పాటు కేంద్రం అంకెను పాడుచేస్తుంది కూడా. అంకెను బట్టి మెచ్చుకునే చోట ఈ పని చేసేవారికి మెప్పు రాకపోవడంలో వింత లేదు.

కేస్ మేనేజ్‌మెంట్ తీర్చలేనివీ ఉన్నాయి. 2022 జులైలో డోలుటెగ్రావిర్ వంటి మందుల కొరత మీద హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం ముందు వారాల తరబడి నిరసనకు కూర్చున్నారు. మూడు నెలల మందు ఇవ్వవలసిన చోట వారానికి, పది రోజులకు ఇచ్చి పంపితే, ఎంత నమ్మకమైన ఔట్‌రీచ్ వర్కర్ అయినా ఏ ముఖం పెట్టుకుని రమ్మని పిలుస్తారు? దీనికి పూర్తిగా తలకిందులైన ఉదాహరణ 2025లో దక్షిణాఫ్రికా. అక్కడ మందులు చాలావరకు ప్రభుత్వమే కొంటుంది, మొత్తం హెచ్‌ఐవీ ఖర్చులో అమెరికా వాటా 17 శాతం మాత్రమే. జనవరిలో ఆ సాయం ఆగిపోయినప్పుడు ప్రభుత్వం కొన్న మాత్రలు అల్మరాల్లో ఉన్నాయి, కానీ ఆ 17 శాతం డబ్బుతో జీతాలు అందుకుంటున్న వేలాది మంది కౌన్సెలర్లు, డేటా సిబ్బంది, మానేసినవారిని వెతికేవారు ఇంటికి వెళ్లిపోయారు. మందు ఉంది, సంగతి చూసేవారు లేరు. ఏ దేశంలోనైనా ఈ పనికి ఎక్కువగా బయటి నిధులు, తాత్కాలిక ఒప్పందాలు, చాలీచాలని జీతాలు ఉండటం యాదృచ్ఛికం కాదు. జరిగినప్పుడు ఏమీ జరగనట్టే కనిపించే పని ఇది.

మానేసి తిరిగి వచ్చినవారిని పలకరించే తీరు గురించి ఇంకొంత చెప్పుకోవాలి. ఏడాది తర్వాత వరండాలో కూర్చున్న మనిషి తిట్లకు సిద్ధపడే వచ్చి ఉంటాడు. చికిత్స వివరాలు రాసే పచ్చపుస్తకం పోయి ఉంటుంది. ముందు చూడవలసినవి దగ్గు, జ్వరం, బరువు, సీడీ4. సీడీ4 200 కంటే తక్కువ ఉంటే టీబీ, క్రిప్టోకాకల్ అనే ఫంగస్ ఇన్‌ఫెక్షన్ వంటివి ఉన్నాయేమో పరీక్షించాలి. అలాంటి సూచనలేవీ లేకపోతే మాత్రలు మళ్లీ మొదలుపెట్టడానికి ఎక్కువ రోజులు ఆగనక్కర్లేదు. ఆ తర్వాత కౌన్సెలర్ అడిగే ప్రశ్నల్లో ‘ఎందుకు మానేశారు’ కంటే ‘ఈసారి ఏ రోజైతే మీకు వీలవుతుంది’ అన్నది ఎక్కువ పని చేస్తుంది. కంప్యూటర్ ముప్పై రోజులు లెక్కగట్టి మంగళవారం చూపిస్తుంది. ఆయన సంత రోజున, కూరగాయల ఆటోలో, ఎలాగూ టౌనుకు వస్తాడు, సంత శుక్రవారం. మూడు మాత్రలు ఎక్కువ లెక్కపెట్టి డబ్బాలో వేసి, కార్డు మీద శుక్రవారం తేదీ రాసిస్తారు.